ఆర్ట్‌ప్రైజ్‌కి తోలుబొమ్మల నీడల గది: వేదిక, ఓట్లు, దీపం

నోవై_నివాసి
మిషిగన్ రాష్ట్రం గ్రాండ్ రాపిడ్స్‌లో జరిగే, జనం ఓటుతో కూడా బహుమతులిచ్చే ఆర్ట్‌ప్రైజ్ కళాపోటీకి నిమ్మలకుంట తోలుబొమ్మలతో ఒక నీడల గది పెట్టాలని ఆలోచన. నాలుగడుగుల బొమ్మలు పన్నెండు గుండ్రంగా వేలాడతాయి, మధ్యలో దీపం, చుట్టూ గోడల మీద నీడలు. వేదిక ఎలా దొరుకుతుంది? జనం ఓటుకు ఎలాంటివి నిలుస్తాయి? నీడలో చిల్లుల పని కూడా కనబడాలంటే ఏ దీపం వాడాలి? తెలిసినవాళ్లు చెప్పండి.

గోడమేకు
ఇందులో కళాకారుల్ని వడపోసే కమిటీ ఉండదండీ. రుసుము కట్టి ఎవరైనా పేరు ఇవ్వచ్చు. అయితే ఊళ్లో ఏదో ఒక వేదిక మిమ్మల్ని ఒప్పుకోవాలి, అసలు వడపోత అక్కడే. 2009లో మొదటిసారి జరిగినప్పుడే 1,262 మంది కళాకారులు, 159 వేదికలు. మ్యూజియం దగ్గర్నుంచి బారు దాకా అన్నీ వేదికలే.

వేదికవాళ్లకు రాసేటప్పుడు ఫొటోల కన్నా ముందు కొలతలు, మొత్తం బరువు, పైకప్పుకి ఎన్ని కొక్కేలు కావాలి, ఎన్ని వాట్లు, ఎంత చీకటి కావాలి అన్నవి రాయండి. అద్దాల లాబీ ఇస్తామంటే ఎంత పెద్ద హోటలైనా వద్దనండి. పగలు మీ నీడ అక్కడ కనబడదు. చీకటి కోసం నల్ల తెరలు కడితే అవి మంటలంటుకోని రకమని కాగితం అడుగుతారు, బట్ట కొనేటప్పుడే తీసుకోండి. రవాణా, బిగింపు, బీమా మామూలుగా కళాకారుడి నెత్తినే పడతాయి. ఒప్పందంలో చూసుకోండి.

ఓటులెక్క
జనం ఓటుతో గెలిచినవాటిని వరసగా చూడండి. 2009లో రాన్ ఓర్ట్‌నర్ సముద్రం బొమ్మ, సుమారు 19 అడుగుల వెడల్పు. 2010లో క్రిస్ లాపోర్ట్ పెన్సిల్ చిత్రం, 28 అడుగులు. 2013లో ఆన్ లవ్‌లెస్ క్విల్ట్ (గుడ్డముక్కలు కలిపి కుట్టిన దుప్పటి లాంటిది), 20 అడుగులు. 2017లో రిచర్డ్ ష్లాటర్ లింకన్ ముఖం, 24,241 పెన్నీ నాణేలతో. జనానికి కళ తెలీదని విసుక్కునేవాళ్లున్నారు. నాకైతే ఆ మాట నచ్చదు. వందల పనులు చూస్తూ నడిచే మనిషి ఒక్కోదాని ముందు ఆగేది కాసేపే, ఆ కాసేపట్లో పడిన శ్రమ కంటికి ఆనాలి. పైగా లాపోర్ట్‌ది ఆర్ట్ మ్యూజియంలో, లవ్‌లెస్‌ది డివాస్ ప్లేస్ కన్వెన్షన్ సెంటర్‌లో ఉన్నాయి. రెండూ జనం ఎలాగూ తిరిగే చోట్లు.

మీకు దగ్గరి పోలిక 2014 నాటి అనీలా కయ్యూమ్ అగా 'ఇంటర్‌సెక్షన్స్'. జాలీలా చిల్లులు కోసిన ఆరున్నర అడుగుల చెక్క పెట్టె, లోపల ఒక్క దీపం, గదంతా దాని నీడలు. జనం ఓటు బహుమతి 2 లక్షల డాలర్లు దానికే వచ్చింది, న్యాయనిర్ణేతల బహుమతిలోనూ సగం. కాబట్టి ఉత్త నల్ల నీడలు పెడితే "ఇది చూసేశాం" అంటారు. మన తోలుబొమ్మ నీడ రంగుల్లో పడుతుంది, మీ బలం అదే.

ఇంకోటి, ఓటు వేసేవాళ్లు ఆ ఊళ్లో ఉండాలి. హైదరాబాద్ వాట్సాప్ గ్రూపులు ఎంత హోరెత్తినా లాభం లేదు. డెట్రాయిట్ వైపు తెలుగువాళ్లని రప్పించాలంటే రెండున్నర గంటల ప్రయాణం.

నీడపట్టు
దీపం నుంచి బొమ్మకి 4 అడుగులు, గోడకి 10 అడుగులు అనుకుంటే నీడ రెండున్నర రెట్లు, అంటే పదడుగుల ఎత్తు. పైకప్పు అంతకన్నా తక్కువైతే తలలు తెగిపోతాయి. అంతకు మించి పెంచినా నష్టమే. మూడు రెట్లయితే వెలుగు తొమ్మిది రెట్ల గోడ మీద పరుచుకుని రంగులు వెలిసిపోతాయి.

అంచుల మసక దీపం సైజును బట్టి ఉంటుంది. పై కొలతల్లో దీపం వెడల్పుకి ఒకటిన్నర రెట్ల మసక వస్తుంది. 20 మిల్లీమీటర్ల ఎల్‌ఈడీకి 30 మిల్లీమీటర్లు. బొమ్మలో 2 మిల్లీమీటర్ల చిల్లు గోడ మీద 5 అవుతుంది, ఆ మసకలో అది మాయం. వెలుగు పుట్టే భాగం 2 మిల్లీమీటర్లకు మించకూడదు, పైన తెల్ల డూము ఉండకూడదు.

చిక్కేమిటంటే ఎల్‌ఈడీ ఒకవైపే వెలుగుతుంది. నాలుగు దిక్కులకు నాలుగు పెడితే పక్కపక్క వెలుగులు కలిసి జంట నీడలు పడతాయి. మధ్యలో నల్ల అట్ట రెక్కలు అడ్డం పెట్టి, ఒక్కో దీపానికి రెండు బొమ్మలే అప్పగించండి. మొత్తం ఎనిమిది. నాలుగడుగుల వ్యాసార్థంలో వలయం చుట్టుకొలత 25 అడుగులే, రెండడుగుల వెడల్పున్న బొమ్మలు పన్నెండు పెడితే సందు మిగలదు.

అక్కడి కరెంటు 120 వోల్టులు. మనదగ్గర కొన్న ఎల్‌ఈడీ డ్రైవర్ (దీపానికి కరెంటు అందించే పెట్టె) మీద 100–240 అని ఉందో లేదో చూడండి.

బొమ్మల్ని పైనా కిందా బిగించి కట్టకండి. ఏసీ గదిలో ఆరినకొద్దీ తోలు ముడుచుకుని చిల్లుల దగ్గర చిరుగుతుంది. నడుమ బద్దకే వేలాడదీసి, కింద దారం వదులుగా కట్టండి.

పెట్టెబడి
చెక్క పెట్టెలో పంపితే 56 డిగ్రీల సెల్సియస్ దగ్గర 30 నిమిషాలు వేడిచేయడం లాంటి ఆమోదిత శుద్ధి జరిగిన చెక్కే వాడాలి, దాని మీద ఆ శుద్ధి ముద్ర కనబడాలి. ప్లైవుడ్‌కి ఈ నియమం లేదు. తోలు సంగతి వేరు. ఇది చెప్పుల తోలులా పదును చేసింది కాదు, ఆరబెట్టిన పచ్చితోలు. ఏ జంతువుది, ఎలా శుద్ధి చేశారు అన్నది తయారుచేసినవాళ్ల చేత రాయించి, సరుకు కదలకముందే అమెరికా వ్యవసాయ శాఖ దిగుమతి విభాగాన్ని అడగండి. పాత బొమ్మలైతే జింక తోలువి ఉండొచ్చు, వాటిని కలపొద్దు.