జ్వరం తగ్గినా మలేరియా మాత్రలు మానవద్దని ఇంటి పెద్దలకు ఎలా చెప్పాలి?

ప్రశ్న (ఉపాధ్యాయిని, పాడేరు మన్యం):
వానలు మొదలవగానే మా బడి పిల్లల ఇళ్లలో చలిజ్వరాలు వస్తాయి. ఆశా కార్యకర్త రక్తపు చుక్కతో పరీక్షించి, వైవాక్స్ రకం మలేరియా అని తేలితే మాత్రలు అందేలా చూస్తారు. అయితే మూడు నాలుగు రోజులకే జ్వరం దిగిపోవడంతో, మిగిలిన మాత్రలను మళ్లీ ఎప్పుడైనా పనికొస్తాయని చాలామంది చూరులో దాచేస్తున్నారు. కరపత్రాలు పంచాము గానీ వాటిని చదివేది పిల్లలు, ఇంట్లో నిర్ణయించేది పెద్దలు. ఏం చెబితే వారికి నమ్మకం కుదురుతుంది?

సమాధానం (విశ్రాంత ఏఎన్‌ఎం):
టీచరు గారూ, "మాత్రలన్నీ వేసుకోండి" అని ఆదేశించడం కంటే కారణం వివరించడమే మేలు. మూడు రోజుల క్లోరోక్విన్ రక్తంలోని క్రిమిని చంపి జ్వరాన్ని దించుతుంది. కాలేయంలో నిద్రాణంగా మిగిలినదాన్ని చంపడానికే ప్రైమాక్విన్ 14 రోజులు ఇస్తారు. దాన్ని మధ్యలో ఆపితే, కొత్తగా దోమ కుట్టకపోయినా కొన్ని వారాలకో నెలలకో జ్వరం తిరగబెట్టవచ్చు. "పోయిన జ్వరం మళ్లీ ఎందుకు వచ్చింది?" అని వారినే అడిగి చూడండి, మాట అక్కడి నుంచే సాగుతుంది. మానేసేవారిని నిందించకండి, పరగడుపున వేసుకుంటే కడుపులో తిప్పుతుంది కాబట్టి అన్నం తిన్నాకే వేసుకోమనాలి. గర్భిణులకూ పసికందులకూ ప్రైమాక్విన్ ఇవ్వకూడదు. మూత్రం నల్లగా వస్తే వెంటనే మాత్ర ఆపి ఆసుపత్రికి వెళ్లాలని తప్పక చెప్పండి. జీ6పీడీ లోపం (ఎర్ర రక్తకణాలను కాపాడే ఎంజైము పుట్టుకతోనే తక్కువగా ఉండటం) ఉన్నవారికి ప్రైమాక్విన్ ప్రమాదకరం.

సమాధానం (ఆరోగ్య విభాగం స్వచ్ఛంద కార్యకర్త):
పై మాటలు పోడు పనుల నుంచి అందరూ ఇల్లు చేరాక, అవ్వలు కూడా కూర్చున్నప్పుడు, వారు ఇంట్లో మాట్లాడే కువిలోనో ఆదివాసీ ఒడియాలోనో చెప్పించండి. గోడలకు దోమల మందు పిచికారీ చేసిన తరువాత మట్టితో అలికితే మందు కప్పబడిపోతుంది. రక్తం తాగిన దోమ గోడపై వాలుతుందనీ, ఆ మందు తగిలే చస్తుందనీ తెలిస్తే అలకడం వాయిదా వేసుకుంటారు. మందు పట్టించిన దోమతెరలను మాత్రం ఉతికాక నీడలోనే ఆరబెట్టాలి.

సమాధానం (వైద్యుడు):
ఒక్క విషయం చేర్చాలి. ఫాల్సిపారం రకం మెదడుకు సోకితే ప్రాణాంతకం కనుక, జ్వరం వచ్చిన 24 గంటల్లోపే పరీక్ష జరగాలి. ఫిట్స్, స్పృహ తప్పడం, నీళ్లు కూడా తాగలేకపోవడం వంటివి కనిపిస్తే ఊళ్లో పరీక్ష కోసం ఆగకుండా నేరుగా ఆసుపత్రికి తీసుకురావాలని తల్లులకు చెప్పండి.