ఆటగాళ్లకు ఇష్టమైన వంటలతో మన జిల్లాకూ ఒక పుస్తకం కావాలా?

పాతపుస్తకాలు_తిరుపతి: గాంధీరోడ్డు దగ్గర పాత పుస్తకాల్లో ఒక అమెరికా వంటల పుస్తకం దొరికింది, 1960ల నాటిది. బేస్‌బాల్, ఫుట్‌బాల్ ఆటగాళ్లు ఒక్కొక్కరూ తమకిష్టమైన వంట చెప్పారు. మాంసం, వెన్న, క్రీమే ఎక్కువ. మన చిత్తూరు, తిరుపతి ఆటగాళ్లతో ఇలాంటిది తేవాలని నా కోరిక. రాగి సంగటి, నాటుకోడి పులుసు, పితికిపప్పు, ఊరిబిండి, పులగూర అన్నీ ఉండాలి. ఏమంటారు?

చంద్రగిరి_రన్నర్: వద్దు సార్. యూనివర్సిటీ స్టేడియంలో కానిస్టేబుల్ ఈవెంట్లకు తయారయ్యే పిల్లలను నేను పరిగెత్తిస్తాను. పేరున్నవాళ్లు ఏం తింటే అదే తింటారు వీళ్లు. ఆ రోజుల్లో అమెరికాలో మ్యాచ్‌కు ముందు మాంసం దండిగా తినేవాళ్లు, బలం వస్తుందని. 1967లో స్వీడన్‌లో బెర్గ్‌స్ట్రోమ్, హల్ట్‌మన్ అనే పరిశోధకులు, వాళ్ల తోటివాళ్లు తొడ కండ నుంచి చిన్న ముక్క తీసి పరీక్షించారు. పిండిపదార్థాలు బాగా తిన్నవాళ్ల కండల్లో గ్లైకోజెన్, అంటే కండ దాచుకునే పిండిశక్తి, ఎక్కువగా ఉంది, సైకిల్ ఎక్కువసేపు తొక్కగలిగారు. పులుసు తిని 1600 మీటర్లకు దిగితే ఏమవుతుందో నేను రోజూ చూస్తున్నా.

సంగటి_ముద్ద: పులుసు వదిలేయ్ అన్నా, సంగటి ఉంది కదా. పాలకంటే రాగుల్లో కాల్షియం దాదాపు మూడింతలు.

చంద్రగిరి_రన్నర్: అది వంద గ్రాముల పొడి పిండి లెక్క తమ్ముడూ, 340 మిల్లీగ్రాముల దాకా. ముద్దలో సగానికి పైగా నీళ్లే.

సంగటి_ముద్ద: నీళ్లు పోస్తే కాల్షియం ఎక్కడికి పోతుంది?

చంద్రగిరి_రన్నర్: పోతుందని నేను అనలేదు. పాలతో పోల్చేటప్పుడు ముద్దనే తూచాలి. పైగా రాగుల్లో కాల్షియంను పట్టి ఉంచే ఫైటేట్లు ఉంటాయి, ఉన్న కాల్షియం అంతా ఒంటికి పట్టదు.

మదనపల్లె_మల్లి: కరణం మల్లీశ్వరి గారితో మొదలుపెట్టండి. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో మొత్తం కలిపి 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చారు.

సంగటి_ముద్ద: ఆమె పెరిగింది శ్రీకాకుళం జిల్లాలో. ఇది మన పుస్తకం. అన్నా, మా తాత సంగటి తిని ఎనభై దాటాక కూడా మడక దున్నాడు. దానికేమంటావ్?

కబడ్డీ_అక్క: కాల్షియం ఆపండి కాసేపు. నేను స్పోర్ట్స్ హాస్టల్‌లో ఉండి ఆడినదాన్ని. జిల్లా జట్టుకు ఎంపికైనప్పుడు ఒక విలేకరి వచ్చి ఇష్టమైన వంటేదని అడిగాడు. నాటుకోడి పులుసు అన్నాను, అదే అచ్చు వేశారు. అది మా ఇంట్లో పండక్కే వండేవాళ్లు. హాస్టల్‌లో నీళ్ల సాంబారు, ముద్దకట్టిన అన్నం. గుడ్డు మెనూ బోర్డు మీద ఉండేది, కంచంలోకి వచ్చేది కాదు. అడిగిన పిల్లను మరుసటి మ్యాచ్‌లో బెంచీ మీద కూర్చోబెట్టారు. ఇప్పుడు మీరు పులుసు ఫొటో వేసి కింద నా పేరు పెడితే, అది తినే ఆడానని జనం అనుకుంటారు.

పాతపుస్తకాలు_తిరుపతి: అమ్మా, ప్రతి మంచి పనిలోనూ హాస్టల్ గొడవ తేవాలా? ఇది వంటల పుస్తకం, ఫిర్యాదు పుస్తకం కాదు.

కబడ్డీ_అక్క: ఫిర్యాదు రాయడానికి మాకు వేరే పుస్తకం ఎవరిచ్చారు సార్?

చంద్రగిరి_రన్నర్: అక్క చెప్పింది నిజం. మా పిల్లల్లో సగం మంది టీ తాగి పరుగుకు వస్తారు.

పాతపుస్తకాలు_తిరుపతి: అయితే నా మాట కూడా వినండి. మా నాన్న వాలీబాల్ ఆడేవాడు. ఆయన జట్టంతటికీ మా అమ్మే వండేది. ఆమె పితికిపప్పు రుచి మళ్లీ ఎవరి చేతా రాలేదు. అనపగింజలు నానబెట్టి ఒక్కొక్కటీ పితికేది. కొలతలు ఎవరూ రాసుకోలేదు, ఆమె పోయింది. ఆటలో గెలిచిన కప్పుల మీద నాన్న పేరుంది, ఆమె పేరు ఎక్కడా లేదు. నాకు పుస్తకం కావాల్సింది అందుకే. పిల్లలను బలిసేలా చేయడానికి కాదు.

మదనపల్లె_మల్లి: ఇది మొదటే చెప్పి ఉంటే ఇంత గొడవ ఉండేది కాదు.

కబడ్డీ_అక్క: మీ అమ్మగారి పేరుతోనే వేయండి సార్, ఆటగాడి పేరు కింద చిన్నగా పెట్టండి. ఆ పేజీకి నేను అడ్డు చెప్పను. నా పేజీలో మాత్రం హాస్టల్ సాంబారే ఉండాలి, ఎంత పప్పుకు ఎన్ని నీళ్లో లెక్కతో సహా.

పాతపుస్తకాలు_తిరుపతి: అది వేస్తే పుస్తకం ఎవరు కొంటారమ్మా?

కబడ్డీ_అక్క: కొనకపోతే పోనీ. లేదంటే నా పేరు తీసేయండి.