పద్దెనిమిది రాత్రుల భారతానికి దూరదర్శన్‌లో చోటు ఎలా?

చంద్రగిరి చదువరి (ప్రశ్న):

నమస్కారం. ఎండాకాలంలో మన చిత్తూరు సీమ పల్లెల్లో ధర్మరాజుల గుళ్ల దగ్గర పద్దెనిమిది నాళ్ల భారతం జరగడం ఇక్కడివారికి కొత్త సంగతి కాదు. పగలు హరికథలో చెప్పిన ఘట్టాన్నే రాత్రికి వీధినాటకంగా ఆడతారు. బకాసురుడి కథ నాడు భీముడు బండెడు అన్నంతో ఊరేగుతాడు. తపస్సు మాను, అంటే మెట్లున్న ఎత్తైన స్తంభం ఎక్కే రోజున అర్జునుడు పద్యాలు పాడుకుంటూ ఒక్కొక్క మెట్టే పైకెక్కుతుంటే, బిడ్డల కోసం మొక్కుకున్న ఆడవాళ్లు తడిబట్టలతో కింద సాగిలపడి ఉంటారు. ఆఖరి నాడు నేల మీద మట్టితో మలిచిన దుర్యోధనుడి భారీ విగ్రహం చుట్టూ వేషధారులు గదలతో తిరుగుతారు, సాయంత్రానికి అగ్నిగుండం. ఇంత పెద్ద ప్రదర్శనలో టీవీలో నా కంటపడింది నిప్పులు తొక్కే దృశ్యం ఒక్కటే, అదీ అర నిమిషం. గంగమ్మ జాతర సంగతీ అంతే. బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం, దొర వేషం, మాతంగి వేషం అంటూ తిరుపతి వీధులు నిండిపోతుంటే, వార్తల్లో మాత్రం సారె తెచ్చిన ప్రముఖుల ముఖాలే ఎక్కువసేపు కనిపిస్తాయి.

ప్రైవేటు ఛానెళ్లను నేను తప్పుపట్టడం లేదు, వాటి లెక్కలు వాటివి. కానీ దూరదర్శన్‌నూ ఆకాశవాణినీ నడిపే ప్రసార భారతికి 1990లో చేసిన చట్టం 12వ సెక్షన్‌లో, దేశంలోని వివిధ ప్రాంతాల సంస్కృతులకూ భాషలకూ తగినంత చోటు ఇవ్వడం ప్రసార సంస్థ బాధ్యత అని స్పష్టంగా రాసి ఉంది. 2014లో ఆంధ్రప్రదేశ్‌కు విడిగా వచ్చిన దూరదర్శన్ ఛానెల్‌కు సప్తగిరి అని మన కొండల పేరే పెట్టారు, స్టూడియో మాత్రం విజయవాడలో ఉంది. తిరుపతిలో ఆకాశవాణి కేంద్రం ఉంది. దేవస్థానం వారు 2008 నుంచి ఎస్వీబీసీ నడుపుతున్నారు గానీ, అది భక్తి ఛానెల్, దాని పని వేరు. ఉన్న వ్యవస్థతోనే మన ప్రాంతం నుంచి కొత్త కార్యక్రమాలు, అంటే పాతవాటి పునఃప్రసారాలూ స్టూడియో ముచ్చట్లూ కాని అసలైన సృష్టి, రావాలంటే ఏం చేయాలి? అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

మాజీ ఎడిటర్, తిరుపతి:

చదువరి గారూ, చాలా ఏళ్లు ఎడిటింగ్ బల్ల ముందు కూర్చున్నవాడిగా చెబుతున్నాను. వీధినాటకం టీవీలో తేలిపోవడానికి మొదటి కారణం, దాన్ని స్టూడియోకి పిలిపించడం. రాత్రంతా సాగే ఆటను అరగంటకు కుదించి, చదునైన వెలుగులో, ప్రేక్షకులు లేని గదిలో ఆడించి, 'ఇదీ మన జానపద కళ' అని చూపిస్తే, ఎంత గొప్ప వేషధారి అయినా బొమ్మలా నిలబడిపోతాడు. తెర పట్టినప్పుడు దాని వెనుక నుంచి కిరీటం అంచు మాత్రమే కనిపించడం, మద్దెల దరువు పెరిగే కొద్దీ జనం సర్దుకుని కూర్చోవడం, నిద్రపోయిన పిల్లలను తల్లులు ద్రౌపది వస్త్రాపహరణానికి తట్టి లేపడం, ఇవన్నీ ఆటలో భాగాలే. కెమెరా ఊరికి వెళ్లాలి గానీ ఊరు కెమెరా దగ్గరికి రాకూడదు.

అందులో నాకు కనిపించే సౌలభ్యం కూడా ఒకటుంది. పద్దెనిమిది రోజుల భారతం తనంతట తానే పద్దెనిమిది భాగాల ధారావాహిక. ఒకే ఊరిలో, మూడు కెమెరాలతో, మద్దెలకూ హార్మోనియానికీ గొంతులకూ వేర్వేరు మైకులు పెట్టి పద్దెనిమిది రాత్రులు చిత్రీకరిస్తే, ఒక్కో రాత్రి నుంచి యాభై నిమిషాల భాగం తీయవచ్చు. పగటిపూట అదే బృందం వేషధారుల ఇళ్లకు వెళుతుంది. రాత్రి దుర్యోధనుడు పొద్దున టమాటా తోటలో నీళ్లు కడుతూ కనిపిస్తాడు. సెట్టు వేయనక్కరలేదు, కథ రాయించనక్కరలేదు. మనవాళ్లు సాధారణంగా ఎగ్గొట్టేది శబ్దం దగ్గర. ఒక్క మైకుతో పట్టిన పద్యం ఎవరికీ అర్థం కాదు, తరువాత 'ఈ కళను ఎవరూ చూడటం లేదు' అని నివేదిక రాస్తారు.

ఇది కొత్త ఆలోచన కూడా కాదు. 1975లో గుజరాత్‌లోని ఖేడా జిల్లాలో, పిజ్ అనే ఊరి నుంచి చిన్న ట్రాన్స్‌మిటర్‌తో ఇస్రోకు చెందిన అహ్మదాబాదు అంతరిక్ష ఉపయోగాల కేంద్రం వారు పల్లెల కోసమే కార్యక్రమాలు నడిపారు. పాత్రలు ఆ ప్రాంతపు చరోతరీ యాసలోనే మాట్లాడేవి, పల్లెవాళ్లే నటించేవారు, కూలీ అన్యాయాల వంటి విషయాలనూ దాచిపెట్టలేదు. 1984లో యునెస్కో వారు గ్రామీణ ప్రసారాలకిచ్చే బహుమతి దానికే వచ్చింది. పెద్ద కేంద్రాలు విస్తరించాక అలాంటి చిన్న ప్రయోగాలకు చోటు లేకుండా పోయింది.

పలమనేరు లెక్కల మాస్టారు:

ఎడిటర్ గారి మాట వినసొంపుగా ఉంది గానీ డబ్బు సంగతి ఎవరూ ఎత్తలేదు. 2023 జనవరిలో కేంద్రం ప్రసార భారతి మౌలిక వసతుల కోసం బైండ్ అనే పథకం కింద 2,539.61 కోట్ల రూపాయలు ఆమోదించింది. దాంట్లో ట్రాన్స్‌మిటర్లు, స్టూడియోల ఆధునికీకరణ, మారుమూల ప్రాంతాలకు 8 లక్షల ఉచిత సెట్‌టాప్ పెట్టెలు వంటివి పెద్ద పద్దులు. పెట్టె ఇవ్వడం మంచిదే, నేను కాదనను. కానీ పెట్టెలో ఏం చూపిస్తారన్న ప్రశ్న దగ్గర మనవాళ్ల ఉత్సాహం చప్పబడిపోతుంది. డీడీ ఫ్రీ డిష్‌లో చోటు కోసం ప్రైవేటు ఛానెళ్లు వేలం పాడి ఏటా వందల కోట్లు కడుతున్నాయి. నెల రుసుము లేని ఆ డిష్ చూసేది ఎక్కువగా పల్లెలే. ఆ వేలం రాబడిలో ఇంత వంతు ప్రాంతీయ భాషల కొత్త కార్యక్రమాలకే అని నియమం పెడితే, కొత్త పన్ను అక్కరలేదు, ఎవరినీ దేబిరించనక్కరలేదు.

ఒక సందేహం మాత్రం ఉంది. డబ్బు వచ్చినా అది విజయవాడలో ఆగకుండా పుత్తూరు దాకా, కుప్పం దాకా వస్తుందని హామీ ఏమిటి? వాటా రాష్ట్రానికి కాకుండా ప్రాంతానికి రాసి ఉండాలి. మా జిల్లానే 2022 ఏప్రిల్‌లో మూడు ముక్కలైంది. పాలన దగ్గరికి వచ్చిందన్నారు, టీవీ మాత్రం ఇంకా రాలేదు.

వేషగాడి కొడుకు, పుత్తూరు:

మా నాన్న ముప్పై ఏళ్లకు పైగా ద్రౌపది వేషం కట్టారు. కొన్నేళ్ల క్రితం ఒక ఛానెల్ వాళ్లు వచ్చి రాత్రంతా తీసుకుని వెళ్లారు. వచ్చింది నాలుగు నిమిషాలు, అందులోనూ వ్యాఖ్యాత గొంతు పద్యం మీద పడి ఉంది. డబ్బు ఇవ్వలేదు, తీసిన పూర్తి టేపైనా ఇవ్వమంటే పలకలేదు. ఇప్పుడు నాన్నకు గొంతు లేదు. ఆయన పాడిన వస్త్రాపహరణం పద్యాలు పూర్తిగా ఎక్కడా లేవు. కాబట్టి ఎవరు తీసినా సరే, మూడు విషయాలు ముందే కాగితం మీద ఉండాలని అడుగుతాను. ఆడినవాళ్లకు రాత్రికి ఇంత అని పారితోషికం, తిరిగి ప్రసారం చేసిన ప్రతిసారీ కొంత, కోతలు లేని పూర్తి చిత్రీకరణ కాపీ ఒకటి మేళానికీ, అంటే ఆట ఆడే బృందానికీ, మరొకటి ఎవరైనా వెళ్లి చూడగలిగే చోటా ఉండటం. కుప్పం ద్రావిడ విశ్వవిద్యాలయం, తిరుపతిలోని విశ్వవిద్యాలయాలు ఆ పని చేయగలవు.

యాస గురించి కూడా ఒక మాట. మా హాస్యగాడు సగం తెలుగు, సగం అరవం కలిపి ఆడే మాటలకు జనం పొర్లి నవ్వుతారు. టీవీ కోసమని ఆ మాటలను 'శుద్ధి' చేయమంటే ఆట చచ్చిపోతుంది. మన యాస తెర మీద వినిపించేది కత్తులు నూరే పాత్రల నోటో, వెటకారం కోసమో మాత్రమే కావడం నాకు ఎప్పుడూ మింగుడుపడలేదు.

మదనపల్లె నుంచి, ప్రస్తుతం ఒసాకాలో:

పుత్తూరు అన్న గారి చివరి మాటకు ఇక్కడి ఉదాహరణ చెబుతాను. జపాన్ ప్రజా ప్రసార సంస్థ ఎన్‌హెచ్‌కే 1961 నుంచి ఉదయం పూట ఒక ధారావాహిక ప్రసారం చేస్తోంది, ఇప్పుడు రోజుకు పదిహేను నిమిషాలు. ఏడాదిలో ఒకటి టోక్యో కేంద్రం, మరొకటి ఒసాకా కేంద్రం తయారు చేస్తాయి. కథ ప్రతిసారీ వేరే ప్రాంతానికి వెళుతుంది, నటులకు ఆ ప్రాంతపు యాస నేర్పే మనిషి విడిగా ఉంటారు, వారి పేరు తెర మీద పడుతుంది. యాసను తప్పుగా పలికితే ఆ ఊరివాళ్లు ఊరుకోరు. అదే సంస్థ 1946లో రేడియోలో మొదలుపెట్టిన పాటల పోటీ ఇప్పటికీ ఊరూరా తిరుగుతూనే ఉంది, పాడేది మామూలు జనమే. ఇదంతా ఇళ్లవాళ్లు కట్టే రుసుముతో నడుస్తుంది కాబట్టి మాస్టారు గారి ప్రశ్న ఇక్కడ వేరుగా ఉంటుంది.

ఐర్లండ్‌లో ఐరిష్ భాష ఛానెల్‌ను 1996లో రాజధాని డబ్లిన్‌లో కాకుండా, ఆ భాష మాట్లాడే గాల్వే ప్రాంతంలోని ఒక పల్లెలో పెట్టారు. దాంతో నిర్మాణ పనులూ చిన్న సంస్థలూ ఆ చుట్టుపక్కలే పెరిగాయి.

చంద్రగిరి చదువరి:

అందరికీ కృతజ్ఞతలు. పుత్తూరు అన్న గారూ, నాన్నగారి సంగతి చదివాక నా ప్రశ్నే మారిపోయింది. ఛానెల్‌కు ఏం కావాలని అడిగాను, మేళానికి ఏం దక్కాలని అడగలేదు. సప్తగిరి అధికారులకు ఒక లేఖ రాస్తున్నాను. వచ్చే ఎండాకాలం ఒకే ఒక్క ఊరి భారతాన్ని ఎడిటర్ గారు చెప్పిన పద్ధతిలో పద్దెనిమిది రాత్రులు తీయాలని, తిరుపతి ఆకాశవాణి సౌండ్ ఇంజనీర్ల సాయం అడగాలని, పారితోషికం, పూర్తి కాపీ షరతులను ఒప్పందంలో చేర్చాలని అందులో ఉంటుంది. మాస్టారు గారూ, ఖర్చు అంచనా మీరు వేసి ఇస్తారా? పుత్తూరు అన్న గారు ఒప్పుకుంటే, మేళం పెద్దలతో మాట్లాడి వారి మాటే మొదటి పేజీలో పెడతాను.

వేషగాడి కొడుకు, పుత్తూరు:

ఒప్పుకోకేం. ఆదివారం రండి, నాన్న ఇంట్లోనే ఉంటారు. పాడలేరు గానీ, ఏ పద్యం తరువాత ఏ పద్యమో ఇప్పటికీ తడుముకోకుండా చెబుతారు. రికార్డర్ ఒకటి తెచ్చుకోండి.