గాలిలోంచి కార్బన్ పట్టే ప్లాంట్ మన విశాఖకి కావాలా?

సాగరతీరం: ఐస్‌లాండ్‌లో క్లైమ్‌వర్క్స్ అనే కంపెనీ గాలిని పీల్చి, అందులోంచి కార్బన్ డయాక్సైడ్ విడదీస్తోంది. దాన్ని నీళ్లలో కలిపి భూమి లోపలికి పంపుతున్నారు. 2021లో ఓర్కా, 2024లో మామత్ అని రెండు ప్లాంట్లు పెట్టారు. ఇన్ని ఫ్యాక్టరీలున్న మన ఊళ్లో ఇలాంటిది ఒక్కటైనా పెట్టమని అడగకూడదా?

పరవాడ_పెద్దాయన: అడగండి. కరెంటు బిల్లు ఎవరు కడతారో కూడా అడగండి. ఓర్కా సామర్థ్యం ఏడాదికి 4,000 టన్నులు. అది కాగితం మీద అంకె, నిజంగా పట్టింది ఇంకా తక్కువ. ఇక్కడ సింహాద్రి బొగ్గు కరెంటు ప్లాంటు 2,000 మెగావాట్లు. ఫుల్ లోడ్ మీద గంటకి 20 లక్షల యూనిట్లు. యూనిట్‌కి 0.9 కిలో కార్బన్ డయాక్సైడ్ చొప్పున చూసినా గంటకి 1,800 టన్నులు. అంటే ఓర్కా ఏడాది పొడుగునా పట్టేది ఇక్కడ రెండుంపావు గంటల్లో పైకి పోతుంది. మామత్ 36,000 టన్నులంటారు. అది సరిగ్గా 20 గంటలు. పైగా చిమ్నీ పొగలో ఈ వాయువు నూటికి 10 నుంచి 15 వంతులుంటే, బయట గాలిలో 0.04 వంతు. బిందెలో పడ్డ ఉంగరం వదిలేసి సముద్రంలో వెతుకుతామంటే నేనేం చెప్పను?

కెమికల్_కుర్రాడు: పెద్దాయనా, అవి రెండు వేరే పనులు. చిమ్నీ దగ్గర పట్టేది ఈ రోజు పొగ. గాలిలోంచి పట్టేది ఇప్పటికే పైకి పోయింది. ఫ్యాక్టరీలు రాకముందు పది లక్షల పాళ్లకి 280 ఉండేది, ఇప్పుడు 420 దాటింది. రేపే బొగ్గు ఆపేసినా అది వందల ఏళ్లు అక్కడే ఉంటుంది. యంత్రం పని కూడా బ్రహ్మవిద్య కాదు. ఫ్యాన్‌తో గాలిని అమైన్ అనే, ఈ వాయువుని పట్టుకునే రసాయనం పూసిన ఫిల్టర్ మీదికి తోలతారు. ఫిల్టర్ నిండాక తలుపులు మూసి 100 డిగ్రీల దాకా వేడి చేస్తే వాయువు విడిపోతుంది.

జ్ఞానాపురం_ఇల్లాలు: మేడ మీద బట్టలు ఆరేస్తే సాయంత్రానికి నల్లగా అవుతున్నాయి. ఆ మిషన్ ముందు మా వీధిలో పెట్టించండి.

కెమికల్_కుర్రాడు: అమ్మా, మీది బొగ్గు దుమ్ము. ఇది కంటికి కనబడని వాయువు.

జ్ఞానాపురం_ఇల్లాలు: కనబడేదాన్నే పట్టలేనివాళ్లు కనబడనిదాన్ని పడతారా బాబూ?

రాళ్ల_పిచ్చి: ఒక మాట. ఐస్‌లాండ్‌లో ఆ వాయువు రాయిగా మారుతోందంటే కింద బసాల్ట్, అంటే లావా చల్లారి గట్టిపడిన నల్లరాయి ఉంది కాబట్టి. అక్కడి ప్రయోగంలో 95 శాతం రెండేళ్ల లోపే గట్టిపడింది. మన కైలాసగిరి, సింహాచలం కొండలు ఖోండలైట్ అనే వేరే రాయి. ఆంధ్రాలో ఈ పద్ధతి కుదరదు, బసాల్ట్ లేదు.

గోదారోడు: లేదా? రాజమండ్రి పక్కన కాతేరులో, అవతల పంగిడిలో ఉన్న నల్లరాయి ఏమిటి? ఆ కంకరతోనే మా ఊరి రోడ్లన్నీ వేశారు.

రాళ్ల_పిచ్చి: దక్కన్ పీఠభూమి బసాల్ట్‌తో పోలిస్తే అదో చిన్న ముక్క.

గోదారోడు: చిన్నదా పెద్దదా అని నేను అనలేదు. లేదన్నారు, ఉందన్నాను. ఒప్పుకోండి.

సాగరతీరం: రాయి గొడవ పక్కన పెట్టండి గురూ.

ఉక్కపోత: ఆ అమైన్ ఫిల్టర్లు గాలిలో తేమ కూడా పీలుస్తాయి. మన సముద్రపు గాలికి ఫిల్టర్ ఎంత నీళ్లు తాగుతుందో, వాటిని ఆవిరి చేయడానికి ఎంత వేడి కావాలో చూసుకోండి. ఐస్‌లాండ్ లెక్క ఇక్కడ పనికిరాదు.

పరవాడ_పెద్దాయన: ఇప్పటికే టన్నుకి అర లక్ష రూపాయలు దాటుతోంది. ఆ డబ్బుతో ఎన్ని ఇళ్ల మీద సోలార్ పెట్టొచ్చు? నేనడిగేది అది.

కెమికల్_కుర్రాడు: ముప్పై ఏళ్లు బొగ్గు కాల్చి, ఇప్పుడు ఇంట్లో కూర్చుని సోలార్ సలహాలా? హుద్‌హుద్‌కి మా ఇంటి రేకులు లేచిపోయినప్పుడు నేను ఏడో తరగతి. మీరు కాల్చింది మేం కడుక్కోవాలి, కడుగుతామంటే ఖర్చెక్కువ అంటారు.

పరవాడ_పెద్దాయన: ఒక్క తుపానుని పట్టుకుని నా బాయిలర్‌కి ముడిపెట్టకు. నేను షిఫ్టులో నిలబడితేనే నువ్వు ఆ లైటు కింద చదివావు. లెక్క కావాలా? ఏడాదికి 10 లక్షల టన్నులు పట్టాలనుకో. వేడి, కరెంటు కలిపి టన్నుకి 2,000 యూనిట్లయినా 200 కోట్ల యూనిట్లు. మెగావాట్ సోలార్ ఏడాదికి 16 లక్షల యూనిట్లిస్తే 1,250 మెగావాట్లు కావాలి. మెగావాట్‌కి నాలుగెకరాలు. అయిదు వేల ఎకరాలు బాబూ. ఎవరి ఊళ్లో తీస్తారు?

సాగరతీరం: భూమి దాకా వెళ్లిపోయారేంటి?

పరవాడ_పెద్దాయన: నేను మొదటి నుంచీ అక్కడే ఉన్నాను. ఒక ఫ్యాక్టరీ కోసం మా నాన్న ఏడెకరాల జీడితోట ఇచ్చాడు. ఇంటికో ఉద్యోగం అన్నారు. మా అన్న పేరున కార్డు ఇచ్చారు. పిలుపు రాలేదు, అన్న పోయాడు, కార్డు బీరువాలో ఉంది. నేను వేరే చోట కాంట్రాక్టరు దగ్గర చేరి, తర్వాత పర్మనెంట్ అయ్యాను. బొగ్గు మీద ప్రేమతో చేరలేదు.

కెమికల్_కుర్రాడు: ఆ రేకుల మాట సరే, అది దీనివల్లేనని నేనూ నిరూపించలేను. కానీ కెమికల్ చదివి రెండేళ్లయింది. మా బ్యాచ్‌లో సగం మంది హైదరాబాద్‌లో కోడింగ్ నేర్చుకుంటున్నారు. ఇలాంటి ప్లాంట్ ఒక్కటి వస్తే ఇక్కడే ఉండొచ్చని నా ఆశ. నిజం చెప్పాలంటే వాతావరణం తర్వాతే.

పరవాడ_పెద్దాయన: మా నాన్న కూడా ఆ ఆశతోనే సంతకం పెట్టాడు.

కెమికల్_కుర్రాడు: మరి నన్ను ఏం చేయమంటారు?

జ్ఞానాపురం_ఇల్లాలు: ఈ రోజు కూడా బట్టలు మళ్లీ ఉతికాను.

గోదారోడు: పంగిడి క్వారీ ఫొటో రేపు పెడతాను. రాళ్ల పిచ్చి గారు చూసి చెప్పాలి.