జాక్‌పాట్ టికెట్ అమ్మిన షాపుకి ఏం వస్తుంది?

ప్రశ్న: కాలిఫోర్నియాలో గ్యాస్ స్టేషన్‌లో రాత్రి షిఫ్ట్ చేస్తున్నా. లాటరీ టికెట్ మెషిన్ నొక్కేది నేనే, రేపు నేనిచ్చిన టికెట్‌కి జాక్‌పాట్ తగిలితే నాకేమైనా వస్తుందా, అంతా ఓనర్‌కేనా?

జవాబు: ఓనర్‌కే తమ్ముడూ. ఇక్కడ జాక్‌పాట్‌లో అర శాతం, మహా అయితే 10 లక్షల డాలర్లు. 2022 నవంబరులో ఆల్టడీనాలో 204 కోట్ల డాలర్ల పవర్‌బాల్ టికెట్ అమ్మిన బంకుకి లెక్క ప్రకారం కోటి దాటాలి, కానీ 10 లక్షల దగ్గరే ఆగింది. గెలిచినవాడి డబ్బులోంచి మాత్రం కోయరు, లాటరీ వాళ్లే ఇస్తారు.

ఇంకొకరు: కేరళలో అలా కాదండీ. ఓణం బంపర్ లాటరీలో 25 కోట్లు తగిలితే ఏజెంటుకి 10 శాతం, అంటే రెండున్నర కోట్లు, ముందే తీసేసి మిగతాదాని మీద పన్ను కోస్తారు.

ప్రశ్న అడిగినవారు: సరిపోయింది. మొన్న 500 డాలర్లు తగిలినాయన రెండు డాలర్లు కౌంటర్ మీద పెట్టి కాఫీ తాగమన్నాడు, నా కమిషన్ అదేనన్నమాట.