సంక్రాంతి కార్యక్రమం: రెండు పెయ్యల విరాళం, స్కాలర్‌షిప్ ఫండ్ (వాలంటీర్ల ప్లానింగ్)

కోఆర్డినేటర్:
అందరికీ నమస్కారం. ఇక్కడ టెక్సస్‌లో మన తెలుగు సంఘం జనవరిలో జరిపే సంక్రాంతికి ఈసారి ఒక పెద్ద పని తోడైంది. ఊరి బయట రాంచ్ నడుపుతున్న మన సభ్యుల కుటుంబం యూనివర్సిటీ యానిమల్ సైన్స్ విభాగానికి బ్రాహ్మన్ అనే పశుజాతి పెయ్యలు రెండింటిని ఇస్తామని ముందుకొచ్చింది. రెండింటికీ ఏడాది దాటింది, రిజిస్ట్రేషన్ కాగితాలున్నాయి. అవి విద్యార్థులు పని నేర్చుకునే మందలో ఉంటాయి. వాటి దూడల్ని అమ్మగా వచ్చే డబ్బు స్కాలర్‌షిప్‌లకీ, పశువుల జడ్జింగ్ టీమ్ ప్రయాణాలకీ వెళ్తుంది.

మన టెక్సస్‌లో కనబడే ఈ పశువుల మూపురం, గంగడోలు చూస్తే మనవాళ్లకి ఎక్కడో చూసినట్టే ఉంటుంది. గల్ఫ్ తీరపు ఎండకీ గోమార్లకీ తట్టుకునే పశువు కావాలని ఇక్కడి రైతులు మన ఒంగోలు, గిర్, కాంక్రేజ్, కృష్ణా లోయ జాతుల్ని కలిపి పెంచారు. 1924లో అమెరికన్ బ్రాహ్మన్ బ్రీడర్స్ అసోసియేషన్ ఏర్పడింది. స్టేజి మీద ఈ సంగతి చెబితే పిల్లలు చెవులప్పగించి వింటారు. స్క్రిప్ట్ రాసేవాళ్లు దీనికి రెండు నిమిషాలు ఉంచండి.

ఇక మనం చేయాల్సినవి మూడు: విరాళం కాగితాలు పక్కాగా ఉండేలా చూడటం, దాణాకీ వెటర్నరీ ఖర్చులకీ సభ్యుల దగ్గర డబ్బు సేకరించడం, ఆ రోజు ఏర్పాట్లు. ఎవరెవరు ఏది తీసుకుంటారో చెప్పండి.

యూత్ కమిటీ:
అన్నా, ఒక డౌట్. పెయ్యలకంటే స్టీర్లు (విత్తులు కొట్టిన కోడెలు) ఇస్తే డబ్బు త్వరగా వస్తుంది కదా? మిస్సోరీ, నెబ్రాస్కా లాంటి యూనివర్సిటీల్లో స్టీర్-ఎ-ఇయర్ అనే ప్రోగ్రామే ఉంది. రైతులు స్టీర్లు ఇస్తారు, విద్యార్థుల చదువులో భాగంగా వాటిని మేపుతారు, అమ్మిన డబ్బు స్టూడెంట్ యాక్టివిటీస్‌కి వెళ్తుంది. ఐదారు వందల పౌన్ల దూడ రోజుకి మూడు పౌన్లకు పైగా పెరుగుతూ పదమూడు, పద్నాలుగు వందల పౌన్లకి వస్తుంది. ఏడాదిలోపే చెక్ చేతికొస్తుంది.

కోఆర్డినేటర్:
లెక్క సరిగ్గానే ఉంది తమ్ముడూ. ఆ ప్రోగ్రామ్‌లు మంచివే, వాటివల్ల ఎంతోమంది చదువుకుంటున్నారు. కానీ స్టీర్ చివరికి వెళ్లేది మాంసానికే. మన సంఘంలో అన్ని రకాల ఇళ్లూ ఉన్నాయి. కొందరికి అది ఇబ్బంది కాదు, చాలామందికి మనసు ఒప్పదు. కనుమకి పశువుని పూజించే సభలో అందరి పేరు మీదా ఆ విరాళం ఇవ్వలేం. సొంతంగా ఇవ్వదలచినవాళ్లు నేరుగా యూనివర్సిటీతో మాట్లాడుకోవచ్చు.

ఇంకో మాట కూడా దాచకుండా చెప్పాలి. పెయ్యల్ని ఇచ్చినంత మాత్రాన అవి జీవితాంతం అక్కడే ఉంటాయని కాదు. చూడి కట్టకపోయినా, వయసు మీద పడినా యూనివర్సిటీ మందలోంచి తీసేస్తారు. వాటికి పుట్టే కోడెదూడల సంగతీ అంతే. ఇచ్చాక నిర్ణయం వాళ్లది. అందుకే ఫ్లయర్ మీద ‘గోదానం’ అని వేయొద్దు. ఆ మాట చదివి వంద డాలర్లు ఇచ్చిన పెద్దావిడ రేపు ‘ఆ ఆవు ఎలా ఉంది బాబూ’ అని అడిగితే మన దగ్గర నిజమైన జవాబు ఉండాలి. విరాళం ఫారమ్ మీదే ‘పశువులు జీవితాంతం మందలోనే ఉంటాయని కాదు, ఇచ్చాక నిర్ణయం యూనివర్సిటీది’ అనే రెండు వాక్యాలూ తెలుగులో, ఇంగ్లీషులో పెద్ద అక్షరాలతో వేద్దాం. దీనివల్ల కొంత డబ్బు తగ్గితే తగ్గనివ్వండి.

ట్రెజరర్:
కాగితాల పని నేను చూస్తాను. పెయ్యలు మన సంఘం పేరు మీదకి రాకూడదు. ఆ కుటుంబం నుంచి నేరుగా యూనివర్సిటీ ఫౌండేషన్‌కి (యూనివర్సిటీ తరఫున విరాళాలు తీసుకునే సంస్థకి) ఓనర్‌షిప్ మారాలి. బ్రీడ్ రిజిస్ట్రేషన్ బదిలీ కూడా అదే రోజు జరగాలి. మధ్యలో మనం ఓనర్లం అయితే రోగం, యాక్సిడెంట్, ఇన్సూరెన్స్ అన్నీ మన నెత్తిన పడతాయి. దూడల డబ్బు ఏ ఖాతాలోకి వెళ్తుందో గిఫ్ట్ అగ్రిమెంట్‌లో రాయించుకోవాలి. నోటిమాట సరిపోదు, డిపార్ట్‌మెంట్‌లో మనుషులు మారుతుంటారు.

పన్ను సంగతి చాలామంది అడిగారు. సొంత రాంచ్‌లో పుట్టి పెరిగిన పశువుకి దాణా ఖర్చులు ఏటా పద్దులో చూపించేస్తారు కాబట్టి దాని బేసిస్ (పన్ను లెక్కలో ఆ పశువు మీద మిగిలిన పెట్టుబడి) దాదాపు సున్నా. బ్రీడింగ్ కోసం ఉంచుకున్న ఆవులు 24 నెలలు నిండకుండా విరాళం ఇస్తే మినహాయింపు ఆ బేసిస్ వరకే, అంటే ఏమీ రానట్టే. అమ్మకుండా ఇచ్చేస్తున్నారు కాబట్టి, అమ్మి ఉంటే ఆ ఆదాయం మీద పడే పన్ను మాత్రం తప్పుతుంది. 24 నెలలు దాటాక ఇచ్చి, యూనివర్సిటీ వాటిని బోధన మందలోనే వాడితే లెక్క మారుతుంది. అప్పుడు మార్కెట్ విలువ మీద మినహాయింపు అడగొచ్చు, 5,000 డాలర్లు దాటితే క్వాలిఫైడ్ అప్రైజల్ (అర్హత ఉన్న నిపుణుడు విలువ కట్టిన రిపోర్టు) కావాలి. 500 దాటితే పన్ను రిటర్న్‌తో ఫారమ్ 8283 ఎలాగూ ఉండాలి. అందుకే విలువ కట్టే అప్రైజర్‌కి ఇప్పుడే డబ్బు కట్టొద్దని రాంచ్ కుటుంబానికి చెప్పాను, ముందు వాళ్ల సీపీఏతో (పన్ను లెక్కలు చూసే అకౌంటెంట్‌తో) కూర్చోమన్నాను.

డబ్బు రూపంలో ఇచ్చే సభ్యులకి ఇదేమీ వర్తించదు. 250 డాలర్లు, అంతకంటే ఎక్కువ ఇచ్చినవాళ్లకి రాతపూర్వక రసీదు తప్పనిసరి. చెక్కులు నేరుగా ఫౌండేషన్ పేరు మీద రాయించండి. రాఫిల్ (టికెట్లు అమ్మి లాటరీ తీయడం) పెడదామని ఎవరో అన్నారు, వద్దు. రాఫిల్ టికెట్ విరాళం కింద రాదు, పైగా వాటికి రాష్ట్ర చట్టం వేరే ఉంది.

రాంచ్ కుటుంబం తరఫున:
మినహాయింపు కోసం పెయ్యలకి 24 నెలలు నిండేదాకా తొమ్మిది నెలలు ఆగే ఉద్దేశం మాకు లేదండి. మా పాప ఆ డిపార్ట్‌మెంట్‌లోనే చదివింది. జనవరిలోనే ఇస్తాం.

మహిళా విభాగం:
చాలా సంతోషం అన్నయ్యగారూ. అందరూ నన్ను అడుగుతున్న ప్రశ్న ఒకటుంది: ఈ స్కాలర్‌షిప్ మన తెలుగు పిల్లలకే వచ్చేలా పెట్టొచ్చా? ఎంఎస్‌కి వచ్చి ఫీజులకి ఇబ్బంది పడుతున్న పిల్లల్ని రోజూ చూస్తున్నాం.

ట్రెజరర్:
కుదరదమ్మా. జాతి, జాతీయత చూసి స్కాలర్‌షిప్ ఇచ్చే షరతుకి యూనివర్సిటీ ఒప్పుకోదు, ఫెడరల్ చట్టం అడ్డం వస్తుంది. ఫలానా అబ్బాయికే ఇవ్వండి అంటే అసలు విరాళం కిందే లెక్క కాదు. యానిమల్ సైన్స్ చదివేవాళ్లకి, ఆర్థిక అవసరం ఉన్నవాళ్లకి అని పెట్టుకోవచ్చు. ఇంటర్నేషనల్ స్టూడెంట్స్ కూడా అర్హులే అని అగ్రిమెంట్‌లో స్పష్టంగా రాయమని అడుగుదాం. అది లేకపోతే ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద వచ్చినవాళ్లు అప్లై చేయడానికే వెనకాడతారు.

కోఆర్డినేటర్:
నేనూ ఒప్పుకుంటాను. ఏ ఊరి పిల్ల అయినా చదువుకుంటే మంచిదే. మన పిల్లల ఫీజుల ఇబ్బందికి సంఘం వేరే నిధి పెట్టాలి, అది ఇంకో మీటింగ్‌లో తేలుద్దాం.

యానిమల్ సైన్స్ ఎంఎస్ విద్యార్థిని:
అంకుల్, జడ్జింగ్ టీమ్ యాక్టివిటీస్ అంటే ఏమిటో అందరికీ చెబితే బాగుంటుంది. జడ్జింగ్ పోటీలో ఒక్కో క్లాస్‌లో (రౌండ్‌లో) నాలుగు పశువుల్ని నిలబెడతారు. మొదటిది ఏది, చివరిది ఏది అని వరుస పెట్టాలి. తర్వాత ఒక్కొక్కరూ జడ్జి ఎదురుగా నిలబడి, నోట్స్ చూడకుండా, అలా ఎందుకు పెట్టారో రెండు నిమిషాల్లోపు చెప్పాలి. నడుము, కాళ్ల నిలకడ, కండ, నడక ఒక్కోటీ చెప్పాలి. నేను మొదటిసారి వెళ్లినప్పుడు పక్కన టీమ్‌లో అమ్మాయి పెదాలు కదుపుతూ గోడకి చెప్పుకుంటోంది. నవంబర్‌లో లూయీవిల్‌లో జాతీయ పోటీ ఉంటుంది, వ్యాన్‌లో వెళ్తే వెళ్లడానికే పదిహేను గంటల పైన పడుతుంది. హోటల్, పెట్రోల్, భోజనాలు ఎవరో ఒకరు పెట్టుకోవాలి. సొంత డబ్బు లేని పిల్లలు టీమ్‌లోకి రావడమే మానేస్తారు.

ఇంకొకటి, బ్రాహ్మన్ పెయ్యలు ఆలస్యంగా ఎదకొస్తాయి. చూడి సుమారు 292 రోజులు, మామూలు జాతులకంటే వారం పైనే ఎక్కువ. తొలి ఈత మూడేళ్ల వయసు దగ్గర పడొచ్చు. దూడ పాలు మరిచి అమ్మకానికి వచ్చేసరికి ఇంకో ఏడు నెలలు.

కోఆర్డినేటర్:
ఈ మాట అందరూ రెండుసార్లు చదవండి. పెయ్యల వల్ల మొదటి డాలర్ వచ్చేసరికి రెండేళ్లు దాటిపోతుంది. ఈలోపు వాటి మేత, టీకాలు, డాక్టర్ ఖర్చు డిపార్ట్‌మెంట్ మీద భారంగా వేసి, మనం ఫోటో దిగి ఇంటికి రాకూడదు. కాబట్టి మన సేకరణ రెండు భాగాలు: ముందు ఈ రెండింటి మేత ఖర్చు, తర్వాత జడ్జింగ్ టీమ్ ప్రయాణాలు. శాశ్వత ఎండోమెంట్ (అసలు అలాగే ఉంచి రాబడి మాత్రమే వాడే నిధి) గురించి కొందరు ఉత్సాహపడుతున్నారు. 25,000 డాలర్లు పోగైతే ఏటా 4 శాతం చొప్పున 1,000 డాలర్లే స్కాలర్‌షిప్‌కి వస్తాయి. మంచిదే కానీ ఈ సంవత్సరం వద్దు.

ఆ రోజు ఏర్పాట్లు: కార్యక్రమం జరిగే స్కూల్ ఆడిటోరియంలోకి పశువు రాదు. హాల్టర్‌కి (తలకి వేసే పట్టీకి) అలవాటు పడిన ఒక్క పెయ్యనే, రోజూ దాన్ని పట్టుకునే విద్యార్థులే తెచ్చి, వెనక పార్కింగ్‌లో కంచె వేసి ఉంచుతారు. బ్రాహ్మన్‌కి కొత్త చప్పుళ్లంటే బెదురు ఎక్కువ, అందుకే డప్పులు, స్పీకర్లు ముందు వైపే. బొట్టు పెట్టి దండ వేయాలని ఉన్నవాళ్లు విద్యార్థి ‘సరే’ అన్నాకే, పక్కనుంచి, ఒక్కొక్కరుగా వెళ్లాలి. ఐదేళ్లలోపు పిల్లలు కంచె బయటినుంచే చూస్తారు. ముట్టుకున్న ప్రతి ఒక్కరూ బయటికొచ్చే దారిలోనే సబ్బుతో చేతులు కడుక్కోవాలి, శానిటైజర్ చాలదు. ఫుడ్ స్టాల్స్ బిల్డింగ్‌కి అవతలి వైపు.

ఫుడ్ కమిటీ:
స్టాల్స్ మార్చేస్తాం. నీళ్ల క్యాన్లు, సబ్బు, పేపర్ టవల్స్ మావి.

యూత్ కమిటీ:
కంచె దగ్గర మేం ఆరుగురం షిఫ్టుల్లో ఉంటాం. స్కూల్‌వాళ్ల పర్మిషన్ ఎవరు అడుగుతున్నారు?

కోఆర్డినేటర్:
నేను అడుగుతాను, వాళ్ల ఇన్సూరెన్స్ ఏం కోరుతుందో కూడా కనుక్కుంటాను. ఒప్పుకోకపోతే పెయ్యని తేవడం మానేసి వీడియో వేద్దాం, విరాళం మాత్రం ఆగదు. ట్రెజరర్ గారూ, గిఫ్ట్ అగ్రిమెంట్ డ్రాఫ్ట్ ఈ శుక్రవారంలోగా ఫౌండేషన్‌కి పంపగలరా? ఫారమ్ మీద వేసే రెండు వాక్యాలూ తెలుగులో ఎవరైనా రాసి ఇక్కడ పెట్టండి, అందరం చదివాకే ప్రింట్‌కి ఇద్దాం.