జపాన్ కుటుంబ కథా సినిమాలు చెప్తారా?

నమస్తే అండి. యసుజిరో ఓజు 1953లో తీసిన ‘టోక్యో స్టోరీ’ చూశాను. ఒనొమిచి అనే ఊరి నుంచి టోక్యో వచ్చిన ముసలి తల్లిదండ్రులతో గడపడానికి కన్నపిల్లలకు తీరిక ఉండదు. యుద్ధంలో పోయిన కొడుకు భార్య నొరికో మాత్రం సెలవు పెట్టి మరీ వాళ్లకు ఊరంతా చూపిస్తుంది. అక్కడ మా నానమ్మ గుర్తొచ్చి ఏడ్చేశాను.

తర్వాత ఆయనదే 1958 నాటి ‘ఈక్వినాక్స్ ఫ్లవర్’ చూశాను. పరాయి పిల్లల ప్రేమపెళ్లికి సరేననే తండ్రి, తన కూతురి దగ్గరికొచ్చేసరికి మొండికేస్తాడు. అచ్చం మా నాన్నే! ఆయనతో కలిసి చూడటానికి ఇలాంటివే, కాస్త ఈ కాలపువి చెప్తారా? దర్శకుడు కొరెఎదా తీసిన ‘స్టిల్ వాకింగ్’ చూసేశాను. తాతల నాటి దుకాణాన్నో వృత్తినో పిల్లలు వద్దనుకునే కథైతే మరీ మంచిది. నాన్నకు సబ్‌టైటిల్స్ అందవు, ఆపి ఆపి చెప్పాలి. అందుకే నెమ్మదిగా నడిచే సినిమా అయినా ఫర్వాలేదండి.